పడసాలలో ఇంజను

"ట్రాక్టరు వచ్చింది. పక్కకు జరుగమ్మా," అన్నాడు బాలకృష్ణయ్య.

ప్రియదర్శిని జరగలేదు.

ఆమె వెనక, పడసాల మధ్యలో, మొద్దు చెక్కలతో చేయించిన బల్ల మీద ఇంజను ఉంది. గేటు దగ్గర తిక్కయ్య ట్రాక్టరు దిగాడు గానీ గడప దాటలేదు. మామా కోడళ్ళు ఎదురెదురుగా నిలబడిన ఇంట్లోకి అడుగు పెట్టడం ఎవరికైనా ఇబ్బందే.

"ఉగాది నుంచి చేస్తాండాను మామయ్యా. మీరు రోజూ చూస్తానే ఉండారు. నిన్ననే బిగించడం అయిపోయింది. ఈ పొద్దు తీసుకుపోయి పాత ఇనుములో పడేస్తానంటే ఎట్ల?"

"చూస్తానే ఉన్నాను కాబట్టే చెప్తాండా. ఇది ఇల్లు, మెకానిక్కు షెడ్డు కాదు. పత్తి మాట్లాడేదానికి వచ్చినోళ్ళు కూర్చునే జాగాలో ఇనుము పెట్టుకున్నావు. మీ కోడలు ఏం చేస్తాంది స్వామీ అని ప్రతి ఒక్కడూ అడిగేదే."

"మీరేం చెప్తాండారు?"

బాలకృష్ణయ్యకు ఆ ప్రశ్న నచ్చలేదు. ఆదోని పత్తి మార్కెట్టులో ఆయన మాటకు ఎదురు ప్రశ్న వేసేవాళ్ళు తక్కువ.

"తిక్కయ్యా, లోపలికి రాప్పా. ఎత్తు," అన్నాడు.

తిక్కయ్య వచ్చి ఇంజను చుట్టూ ఒకసారి తిరిగాడు. "ఇదేం ఇంజను సామీ, ఇంత పొట్టిగా ఉంది? పిస్టన్లు యాడుండాయి?"

"దీనికి పిస్టన్లు లేవన్నా," అంది ప్రియదర్శిని. గొడవ మధ్యలో కూడా ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతులో ఒక హుషారు వచ్చింది. "లోపల రెండు గూళ్ళు ఉంటాయి, నడుము దగ్గర నొక్కిన శనక్కాయ మాదిరి. ఒక్కో గూట్లో మూడు మూలల రోటరు. పైకీ కిందికీ కొట్టుకోదు. తిరుగుతుంది, అంతే. జపానోళ్ళ పని."

"అట్లనా!" తిక్కయ్య ఒంగి చూడబోయాడు.

"నిన్ను చూడమన్లేదు, ఎత్తమన్నాను," అన్నాడు బాలకృష్ణయ్య.

అప్పుడు వంటింట్లో నుంచి రాజేశ్వరమ్మ వచ్చింది. చేతిలో చేట, చేటలో కందిపప్పు. ఇంజను బల్ల పక్కన ఉన్న ముక్కాలి పీట లాక్కుని కూర్చుని, పప్పులో రాళ్ళు ఏరడం మొదలుపెట్టింది.

"నువ్వెందుకు ఈడ?" అన్నాడు భర్త.

"ఈ రోటరు మూలల్లో గాలి కారకుండా సన్నని సీళ్ళు ఉంటాయి. జారి పడకుండా వ్యాజిలీను పూసి, మూత దించేదాకా పట్టుకోవల్ల. పట్టుకున్నది నేను. నా వేళ్ళు కమిలిపోయినాయి." ఆమె తల ఎత్తలేదు. "దీన్ని పంపించేటప్పుడు నన్ను కూడా అడగల్ల కదా. ఎవరూ అడగలేదు."

బాలకృష్ణయ్య భార్యను చూశాడు, కోడలిని చూశాడు. తన ఇంట్లో తనకు తెలియకుండా ఒక పార్టీ తయారైనట్టు అనిపించింది ఆయనకు.

"ఇద్దరూ నా మీద పడితే లాభం లేదు," అన్నాడు. "ఇది నా మాట కాదు. పొద్దున రాయచూరు నుంచి ఫోన్ చేసి నీ మొగుడే చెప్పినాడు. ఆ ఇంజను తీయించెయ్ నాన్నా, ఇంక నేను దాన్ని చూడలేను అన్నాడు."

చేటలో పప్పు కదలడం ఆగిపోయింది.

సాయితేజ ఆ మాట ఎందుకు అన్నాడో అక్కడున్నవాళ్ళలో ప్రియదర్శిని ఒక్కతెకే తెలుసు.

రెండేళ్ళ కిందట ఈ ఇంజను ఉన్న కారు ఎమ్మిగనూరు నుంచి వచ్చింది. అక్కడ జిన్నింగు మిల్లు నడిపే లక్ష్మీనారాయణ ప్రియదర్శినికి సొంత చిన్నాయన. తండ్రి పోయాక ఆమెను పెంచి, మెకానికల్ డిప్లొమా చదివించింది ఆయనే. ఆ జపాను బండి ఆయనకు ప్రాణం. మోకాళ్ళు అరిగి, అంత కిందికి ఉన్న సీట్లో కూర్చోలేక, అడిగి అడిగి వెంటపడిన సాయితేజ చేతిలో తాళం పెట్టాడు. ఆరు నెలలు తిరగకముందే ఆలూరు రోడ్డులో బండి పొగ కక్కి ఆగిపోయింది. ట్రాక్టరుకు కట్టి ఈడ్చుకొస్తుంటే సగం ఆదోని చూసింది. మర్నాడు మార్కెట్టులో, దలాళ్ళందరి ఎదుట, "చచ్చిన బండి నా కొడుక్కి అంటగట్టినావు" అని బాలకృష్ణయ్య లక్ష్మీనారాయణను నిలదీశాడు. లక్ష్మీనారాయణ ఒక్క మాట మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి రెండిళ్ళకూ రాకపోకలు లేవు.

పోయిన వారం ఆమె ఇంజను లోపలి నుంచి తీసి దాచిన బేరింగు ముక్కలు సాయితేజ అరచేతిలో పెట్టింది. పైపూత మాడి, నీలం తిరిగి, అడుగున రాగి తేలి ఉంది. నూనె లేకుండా నడిస్తే తప్ప బేరింగు అట్లా కాదు. బండి పాతదవడం వల్ల చావలేదు. ఎండబెట్టి చంపారు. సాయితేజ ముక్కలను అటూ ఇటూ తిప్పి చూసి, ఏమీ అనకుండా తిరిగి ఇచ్చేసి, మర్నాడే పని ఉందని రాయచూరు బస్సెక్కాడు.

ఇప్పుడు ఈ ట్రాక్టరు!

ప్రియదర్శిని ఫోను తీసి భర్తకు చేసింది. మోగి మోగి ఆగిపోయింది. ఇంకోసారి చెయ్యలేదు. పాత గుడ్డతో చేతులు తుడుచుకుని తిక్కయ్య వైపు తిరిగింది.

"అన్నా, నీ ట్రక్కులో గోనెసంచులు ఉండాయా?"

"ఉండాయమ్మా."

"కింద పరుచు. బల్లతో సహా ఎత్తుదాము. పాత ఇనుము అంగడికి కాదు, మన వెనక వీధి గోదాముకు. కారు ఆడ్నే ఉంది. బేళ్ళు ఎత్తే చైను కప్పీ కూడా ఆడ్నే ఉంది." మామగారి వైపు చూసి, మర్యాదగానే అంది. "మీకు మీ పడసాల కావల్ల, అంతే కదా మామయ్యా? తీసుకోండి. ట్రాక్టరు పిలిపించి మేలు చేసినారు. దీన్ని ఎట్ల మోయించాలా అని నేను రెండ్రోజుల నుంచి ఆలోచిస్తాండాను."

తిక్కయ్యకు నవ్వొచ్చింది. బాలకృష్ణయ్య ముఖం చూసి దాన్ని దగ్గులోకి తిప్పుకున్నాడు.

* * *

సాయితేజ మధ్యాహ్నానికే రాయచూరు నుంచి వచ్చాడు. ఇంటికి పోకుండా నేరుగా గోదాముకు వచ్చాడు. కారు ముందుమూత తీసి గోడకు ఆనించి ఉంది. ఇంజను చైనుకు వేలాడుతూ, దాని చోటు మీదికి సగం దిగి ఉంది. ప్రియదర్శిని కింద పడుకుని ఏదో బిగిస్తోంది.

"పంపించలేదా?" అన్నాడు.

"పంపించినాము. ఇంట్లోనుంచి ఈడికి."

"నేను నాన్నకు చెప్పింది అది కాదు."

"నువ్వు చెప్పింది ఏందో తెలుసు. నాకు తెలీకుండా చెప్పినావని కూడా తెలుసు."

పెద్దవాళ్ళ ఎదుట ఆమె అతన్ని 'మీరు' అంటుంది. ఇద్దరే ఉన్నప్పుడు ఆ మాట ఉండదు.

అతను గోదాము తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. "ఆ బేరింగు యాడుంది?"

"ఎందుకు?"

"నాన్నకు చూపించినావా?"

"లేదు."

"చూపిస్తావా?"

ప్రియదర్శిని కారు కింద నుంచి జరిగి లేచి కూర్చుంది. "నేను చూపించను. ఆయనకు చెప్పల్సింది నేను కాదు."

"నేను కావాలని అబద్ధం చెప్పలేదు ప్రియా. బండి ఆగిపోయినప్పుడు నాకు నిజంగా తెలీదు. పాత బండి కదా, ఇంజను పోయినట్లుంది నాన్నా అన్నాను. అంతే అన్నాను. దానికి నాన్న మార్కెట్టులో పోయి అంత మాట అంటాడని నేను అనుకున్నానా?"

"అన్నప్పుడు నువ్వు ఆయన పక్కనే ఉన్నావు."

సాయితేజ తల తిప్పి, గోడకు ఆనించిన ముందుమూత వైపు చూశాడు.

"అప్పుడు తెలీదు, సరే. పోయిన వారం తెలిసింది కదా? తెలిసినాక చేసింది ఏంది? ట్రాక్టరు పిలిపించినావు."

"ఏం చెయ్యమంటావు?" అతని గొంతు పెరిగింది. "నూనె చూసుకోవడం కూడా రాని వాడు కారు తెచ్చుకున్నాడని ఊరంతా నవ్వల్లనా? పెళ్ళామే బాగు చేసిందంట అని ఇంకొకటి! నీకేం, మీ చిన్నాయన మాట నిలబడుతుంది. నువ్వు నిలబడతావు. నేను?"

"పిన్నమ్మకు కంటి ఆపరేషను అయింది. పోయి చూడలేదు నేను," అంది ప్రియదర్శిని. గొంతు పెంచలేదు. "ఎమ్మిగనూరు బస్సు మన వీధి చివర్నే ఆగుతుంది. రోజూ చూస్తా. ఎక్కలేదు. నీ పరువు, మామయ్య మాట, ఆ రెండూ కాపాడుకుంటా ఈడ్నే ఉన్నాను. మా చిన్నాయనకు పరువు లేదా? ఆయన మిల్లుకు పత్తి అమ్మేవాళ్ళు కూడా, నువ్వు అల్లుణ్ణే మోసం చేసినావంట కదా అన్నారంట."

అతను పత్తి బేలు మీద కూలబడ్డాడు. పైన రేకుల కింద పావురాలు రెక్కలు కొట్టుకున్నాయి.

"స్టార్టు కాకపోతే?" అన్నాడు చివరికి.

"అవుతుంది."

"ఎట్ల చెప్తావు అంత గట్టిగా?"

"రా. చెయ్యి పెట్టు."

ప్లగ్గు విప్పిన రంధ్రం మీద అతని అరచేయి పెట్టించింది. పొడుగాటి స్పానరుతో ముందువైపు నట్టు పట్టుకుని ఇంజనును నిదానంగా తిప్పింది. రంధ్రంలో నుంచి గాలి అతని అరచేతిని తన్నింది. ఆగింది. మళ్ళీ తన్నింది. మళ్ళీ.

"మూడూ ఒకే బలంతో వస్తాండాయా?"

"వస్తాండాయి."

"ఒక మూల సీలు సరిగ్గా లేకున్నా రెండు దెబ్బలు మెత్తగా వస్తాయి. ఇంకో గూటికి పెట్టి చూడు. అదీ అంతే."

సాయితేజ రెండోదానికి కూడా చెయ్యి పెట్టి చూశాడు. తీయాల్సిన సమయం దాటినా తీయలేదు. క్షమించమని అడగలేదు, అలాగని ఇంటికీ పోలేదు. కొంతసేపటికి వైర్ల కట్ట చేతిలోకి తీసుకుని చిక్కు విప్పడం మొదలుపెట్టాడు.

"ఇది నేను చూస్తా. తీసేటప్పుడు ఏది యాడిదో నువ్వు రంగుదారాలు కట్టినావు కదా," అన్నాడు.

ఆ వారమంతా ఇద్దరూ కలిసి పని చేశారు. మాట్లాడుకున్నది మాత్రం స్పానర్ల గురించి, పైపుల గురించి. అసలు మాట ఇద్దరి మధ్య ఉండిపోయింది. ఆమె మళ్ళీ అడగలేదు. అతను ఎత్తలేదు.

* * *

ఆదివారం పొద్దున రాజేశ్వరమ్మ గోదాముకు వచ్చి కారుకు కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టింది. వెనకే బాలకృష్ణయ్య వచ్చాడు. చేతిలో పేపరు. చదువుకోవడానికి వచ్చినవాడిలా తలుపు దగ్గర నిలబడ్డాడు గానీ, మడత విప్పలేదు.

ప్రియదర్శిని తాళం తిప్పింది.

ఇంజను తిరిగింది, అంటుకోలేదు. మళ్ళీ తిప్పింది. మళ్ళీ. గోదాము నిండా పెట్రోలు వాసన.

"అయిందా?" అన్నాడు బాలకృష్ణయ్య.

సాయితేజ భార్య వైపు భయంగా చూశాడు. ఆమె అప్పటికే కారు దిగి ప్లగ్గులు విప్పుతోంది.

"పెట్రోలు ఎక్కువ దిగింది మామయ్యా. ఈ జాతి ఇంజన్లకు ఆ గుణం ఉంది. ఆరబెట్టల్ల, అంతే."

ప్లగ్గులు తుడిచి ఎండలో పెట్టింది. ఖాళీగా ఇంజనును తిప్పి లోపలి పెట్రోలంతా బయటికి కొట్టించింది. ఆ కాసేపూ మామగారు తన వీపునే చూస్తున్నాడని ఆమెకు తెలుసు. ఒక్కో సీలూ ఎట్లా కూర్చుందో తన వేళ్ళకు తెలుసు. ఇంకొకరు నమ్మినా నమ్మకపోయినా ఆ ఇనుము లోపల మారేది ఏమీ లేదు.

ప్లగ్గులు బిగించి తాళం తిప్పింది.

ఒక దగ్గు. ఇంకో దగ్గు. ఆ తర్వాత గోదాము రేకులు అదిరేలా ఇంజను అందుకుంది. వెనక నుంచి తెల్లటి పొగ మబ్బులా లేచింది. పావురాలన్నీ ఒక్కసారిగా బయటికి ఎగిరిపోయాయి. రాజేశ్వరమ్మ కొంగు మూతికి అడ్డం పెట్టుకుని దగ్గుతూనే నవ్వింది. "నా వ్యాజిలీను కాలుతాంది!" అని అరిచింది.

పొగ పలచబడింది. శబ్దం కుదురుకుంది. బాలకృష్ణయ్య దగ్గరికి వచ్చి, ఊగుతున్న ఇంజను మీదికి ఒంగి చూశాడు. ఆయన ముఖంలో కోపం పోయి, యంత్రం ముందు ఎవరికైనా వచ్చే ఆశ్చర్యం వచ్చింది.

"అట్లయితే ఇంజను మంచిదే కదా," అన్నాడు. "మరి ఆ పొద్దు ఏంటికి ఆగిపాయ?"

ప్రియదర్శిని దిగి వచ్చి, నూనె కొలిచే పుల్ల బయటికి తీసి తుడిచింది. మళ్ళీ లోపలికి పెట్టింది. తల ఎత్తలేదు.

"నాన్నా," అన్నాడు సాయితేజ. శబ్దంలో వినపడలేదు. భార్య కారు కిటికీలోంచి చెయ్యి పెట్టి ఇంజను ఆపేసింది. ఆ నిశ్శబ్దంలో అతను మొదటి నుంచి చెప్పాల్సి వచ్చింది. "నాన్నా, నూనె లేక ఆగిపోయింది. ఈ బండి తిరిగేకొద్దీ నూనె తాగుతుంది, పెట్రోలు పోసిన ప్రతిసారీ చూసుకో అని ఎమ్మిగనూరు మామ చెప్పినాడు. నేను చూసుకోలేదు. బండిది తప్పు లేదు. ఆయనదీ లేదు."

"ఇది నీకు ఎప్పటి నుంచి తెలుసు?"

"రాయచూరు పోయే ముందు నుంచి."

"అందుకా ట్రాక్టరు!" బాలకృష్ణయ్య చేతిలో పేపరు నలిగింది. "నా నోటితో అనిపించినావు కదరా. నలుగురి ముందర, నా నోటితో!"

"వాడు చెప్పింది ఇంజను పోయింది అని," అంది రాజేశ్వరమ్మ. ఇప్పుడు ఆమె నవ్వడం లేదు. "చచ్చిన బండి అంటగట్టినాడు అన్నది మీరు. ఏమైంది స్వామీ అని ఆయన్ని ఒక్క మాట అడిగినారా? అడగలేదు. వాణ్ణి ఒక్కణ్ణే అంటే ఎట్ల?"

బాలకృష్ణయ్య పేపరు అక్కడే బేలు మీద పడేసి ఇంటి వైపు నడిచాడు. ఇంక ఆ రోజుకు ఆయన బయటికి రాడని ముగ్గురూ అనుకున్నారు.

కాసేపటికి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. కారు ముందు తలుపు తీసి, అంత కిందికి ఉన్న సీట్లో కష్టం మీద ఒదిగి కూర్చున్నాడు.

"పోనీ," అన్నాడు కోడలితో.

ఎక్కడికి అని ఆమె అడగలేదు.

* * *

శ్రావణ మాసం. ఉరుకుంద జాతరకు పోయే బస్సులతో బస్టాండు కిక్కిరిసి ఉంది. వాటి మధ్య నుంచి ఆ పొట్టి ఎర్ర కారు బయటపడేసరికి జనం తిరిగి తిరిగి చూశారు. పేరుకు మాత్రమే సీటు అనిపించుకునే వెనక భాగంలో సాయితేజ మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నాడు.

ఊరు దాటాక ఎద్దులబండిని కూడా వెంటనే దాటలేదు ప్రియదర్శిని.

"ఇంకొంచెం వేగంగా పోవచ్చు కదమ్మా," అన్నాడు బాలకృష్ణయ్య.

"కొత్త సీళ్ళు మామయ్యా. కుదురుకునేదాకా తొందర పెట్టకూడదు."

ఆయన దారి పొడుగునా చొక్కా గుండీ ఒకటి విప్పుతూ పెట్టుకుంటూ కూర్చున్నాడు. మనసులో మాటలు పేర్చుకుంటున్నాడని, పేర్చినవి నచ్చక తీసేస్తున్నాడని ఆమెకు అర్థమైంది. ఆయన అట్లా తడబడటం ఆమె ఎన్నడూ చూడలేదు. అయినా జాలిపడి వెనక్కి తిప్పే ఉద్దేశం ఆమెకు లేదు.

ఎమ్మిగనూరులో మిల్లు గేటు తెరిచే ఉంది. కారు ఆవరణలోకి మళ్ళకముందే ఆ చప్పుడు విని లక్ష్మీనారాయణ ఇంట్లో నుంచి బయటికి వచ్చాడు. ఒక చెయ్యి మోకాలి మీద, ఒక చెయ్యి గోడ మీద. ముందు కారును చూశాడు. తర్వాత కారు నడుపుతున్న పిల్లను చూశాడు.

"నువ్వే బిగించినావా?"

"నేనే చిన్నాయనా."

"రెండు రోటర్లూ ఒకే మాదిరి కొడతాండాయి," అన్నాడు, తల వంచి ఇంజను చప్పుడు వింటూ. "బాగుంది. శానా బాగుంది."

అప్పుడు ముందు సీటు తలుపు తెరుచుకుంది. అందులో నుంచి దిగిన మనిషిని చూసి ఆయన ముఖం మూసుకుపోయింది. గోడ పట్టుకుని లోపలికి పోయాడు.

ముగ్గురూ ఎండలో నిలబడ్డారు. సాయితేజ, "నేను పోయి మాట్లాడతా," అన్నాడు. "ఉండు," అంది ప్రియదర్శిని.

లక్ష్మీనారాయణ తిరిగి వచ్చాడు. చేతుల్లో రెండు గ్లాసుల నీళ్ళు. ఒకటి ప్రియదర్శినికి ఇచ్చాడు. ఒకటి సాయితేజకు ఇచ్చాడు. మూడో మనిషి అక్కడ లేనట్టే తిరగబోయాడు.

తన గ్లాసు మామగారి చేతిలో పెట్టడం ప్రియదర్శినికి క్షణం పని. పెట్టలేదు. ఆ నీళ్ళు ఈ గుమ్మంలో చిన్నాయన చేతి మీదుగానే రావాలి. ఆమె చేతి మీదుగా వస్తే అవి ఒట్టి నీళ్ళే.

"బావా," అన్నాడు బాలకృష్ణయ్య. దారంతా పేర్చుకున్న మాటల్లో ఒక్కటీ ఆయనకు దొరకలేదు. "నాకు కూడా దాహమైతాంది," అని చెయ్యి చాచాడు.

లక్ష్మీనారాయణ ఆగాడు. గోడకు చెయ్యి ఆనించి, అప్పుడు మొదటిసారి ఆయన ముఖంలోకి నేరుగా చూశాడు.

"నన్ను అన్న మాట మార్కెట్టులో అన్నావు," అన్నాడు నిదానంగా. "నీళ్ళు మాత్రం నా ఇంటి ముందర అడుగుతాండావు."

దలాళ్ళందరి ఎదుట అనాల్సిన మాట ఒకటి మిగిలి ఉందని తెలిసినా, బాలకృష్ణయ్య చాచిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.